నీలి బాన ఆకలి

కుండలో తవుడు గంజి కుతకుతమంటోంది. కోడలు కొంగు చేతికి చుట్టుకుని కుండ దించి, గది తలుపు వైపు ఓసారి చూసింది. లోపల ఇంకా అలికిడి లేదు. గబగబా పెరట్లోకి నడిచి ఆ వేడి గంజంతా మురుగు కాలువలో గుమ్మరించింది. ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టు పొరుగింటి కోళ్లు గోడ కింది కంతలోంచి ఒకదాని వెనక ఒకటి దూరి వచ్చాయి. కోడలు వాటి వైపు చూడలేదు. కోళ్లకు మాటలు రాకపోవడం ఎంత మేలో అనుకుంది. ఖాళీ కుండలో వట్టి వేడినీళ్లు పోసి, పొగలు పోకముందే పాకలోకి పట్టుకెళ్లింది.

పాక మధ్యలో నీలి బాన మెడ దాకా నేలలో పాతి ఉంది. చెక్క మూత తీయగానే పులుపు వాసన ముక్కుకు కొట్టింది. బాగున్న రోజుల్లో ఆ నీటి మీద రాగి రేకు పరిచినట్టు పొర కట్టేది. నడిమధ్యన నీలం నురగ గుత్తిగా పొంగేది. ఆ నురగను ఆ ఇంట్లో పువ్వు అంటారు. ఇప్పుడు పువ్వూ లేదు, రాగీ లేదు. వాన వెలిశాక గుంటలో మిగిలిన నీళ్లలా ఉంది.

"తిను తల్లీ," అంది అలవాటు కొద్దీ, వేడినీళ్లు వంచుతూ. మాట జారాక నాలుక కరుచుకుంది. అన్నం పెడతాను రమ్మని పిలిచి ఖాళీ కంచం ముందు కూర్చోబెట్టినట్టయింది.

ఆ వీధిలో ఆమెను అందరూ కోడలనే అంటారు. పెళ్లయి వచ్చిన రోజున పడ్డ పేరు. జుట్టు నెరిసింది, భర్త పోయాడు, కూతురు తనకంటే పొడుగు ఎదిగింది, పేరు మాత్రం మారలేదు. అత్తగారి అత్తగారి నాటి నుంచి ఆ ఇంటి పని ఒకటే, తెల్లబట్టకు నీలం పట్టించడం, వెలిసిన బట్టకు మళ్లీ పట్టించడం. బానలు పగిలాయి, కొత్తవి వచ్చాయి. లోపలి నీళ్లు మాత్రం అవే. పాత బానలోంచి కడవెడు తీసి కొత్తదాంట్లో తోడు పెట్టడమే. ప్రాణమున్న నీళ్లు అవి. రెండు పూటలా తవుడు గంజి, సున్నపు తేట పెట్టాలి. కలియబెట్టాలి. చలికి గోనె కప్పాలి. ఒక పూట మరిస్తే అలుగుతుంది. మరిచిపోతూనే ఉంటే చస్తుంది.

కోడలు మరిచిపోలేదు. కూతురికి ఓడరేవు నుంచి పిలుపు వచ్చిన మర్నాటి నుంచి, తెలిసి తెలిసి పస్తు పెడుతోంది.

"లే అమ్మా, నేను కలుపుతా." పిల్ల తెడ్డు పట్టుకుని వచ్చింది. మోచేతుల దాకా నీలం, గోళ్ల చుట్టూ మరీ చిక్కగా. బుడగ లేవకుండా నెమ్మదిగా తిప్పింది. "గోనె కప్పావా?"

"కప్పానే."

"గంజి వేడిగానే పోశావా?"

"ఆఁ." కోడలు దొంగకు తేలు కుట్టినట్టు బిగుసుకుని, కుండ అడుగున లేని మాడును గోకసాగింది.

పిల్ల తెల్ల గుడ్డముక్క తీసి నాలుగు మూలలూ తల్లికి చూపించింది. "ముడి లేదు, చూసుకో. నీలాగా కాదు." ఆ ఇంట్లో అదో పాత వేళాకోళం. కొత్త పెళ్లికూతురిగా మొదటిసారి బానలో గుడ్డ ముంచిన రోజున కోడలు కంగారులో మూల ముడి విప్పడం మరిచిపోయింది. ముడి ఉన్నచోట రంగు పట్టక తెల్లటి చుక్క మిగిలింది. అత్తగారు దాన్ని వెలుగులో తిప్పి చూసి, "సరే, పడెయ్" అని చేతిలోంచి లాక్కుంది. అంతే. ఆ మాట ఇప్పటికీ కోడలి చెవిలో ఉంది.

పిల్ల గుడ్డ ముంచి తీసింది. ప్రాణమున్న బానలోంచి గుడ్డ పచ్చగా వస్తుంది, గాలి తగిలిన కొద్దీ నీలమవుతుంది. ఇది బూడిద రంగులో వచ్చి బూడిదగానే ఉంది.

గదిలో అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని చెయ్యి చాచింది. నడుం పడిపోయి చాలాకాలమైంది, కాని రోజూ గుడ్డ చూసి తీర్పు చెప్పేది ఆమే. గుడ్డను వాసన చూసింది. వేళ్ల మధ్య నలిపింది. కోడలి మొహంలోకి చూసింది. కోడలు గుమ్మం చెక్కకు ఉన్న మేకును చూసింది.

"అలక తీరలేదు," అంది అత్తగారు. "ఇవాళ వీధిలోకి ఏదైనా వదులు."

"మీరు జావ తాగండి అత్తయ్యా, తర్వాత..."

"జావ ఎక్కడికీ పోదు. అబద్ధం ఎండెక్కితే నడవదు."

అది వాళ్ల ఇంటి పద్ధతి. బాన అలిగితే కోడలైనది వీధిలోకి వెళ్లి ఒక అబద్ధం చెప్పి రావాలి. ఆ అబద్ధం ఊరు తిరిగి, ఇంకొకరి నోటితో మళ్లీ ఇంటికి రావాలి. వస్తే బాన లేస్తుంది. బాన కోసం ఎంత అబద్ధమైనా ఆడొచ్చు. బాన మీద మాత్రం ఆడకూడదు. లేవని బానను లేచిందనకూడదు, లేచినదాన్ని లేవలేదనకూడదు. అత్తగారు ఒట్లు నమ్మదు కాని ఈ ఒక్కటీ నమ్ముతుంది.

పిల్ల జావ గిన్నె తెస్తూ తల్లితో నెమ్మదిగా అంది. "నేను సాయంత్రం బస్సుకు వెళ్లడం లేదమ్మా."

"రేపు పొద్దున్న గేటు దగ్గర ఉండకపోతే నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారన్నావుగా."

"ఇవ్వనీ. బాన బాగుంటే వెళ్లేదాన్నే. నువ్వొక్కదానివే ఎలాగో చూసుకునేదానివి. జబ్బు మనిషిని వదిలి ఎవరైనా వెళ్తారా?"

కోడలి చేతిలోంచి గిన్నె మూత ఖంగున కింద పడింది. బాన చస్తే పిల్లకు కట్టుకొయ్య విరుగుతుందనుకుంది. ఒకటి తలిస్తే ఒకటయింది. బాన చావలేదు, జబ్బు పడింది. జబ్బు పడ్డదాని తాడు మరింత గట్టిదని, ఆ తాడుతోనే బతుకంతా నడిచిన తనకే తట్టలేదు.

రంగేసిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడిచింది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కోడలు కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయే మనిషి. పిల్ల దగ్గితే క్షయ. ఆలస్యమైతే లారీ. ఫోను మోగితే ముందు గోడ పట్టుకుని, ఆ తర్వాత ఎత్తుతుంది. అలాంటిది, రేవులో క్రేను నడపడం నేర్పుతారట, చెట్ల కంటే ఎత్తున గాజు గదిలో కూర్చుని ఇనప పెట్టెలు ఎత్తాలట అని పిల్ల చెప్పిన రాత్రి ఆమె కంటికి కునుకు రాలేదు. గాలికి గది ఊగినట్టు, తాడు తెగినట్టు, ఎవరో తలుపు కొట్టి కబురు చెప్పినట్టు అన్నీ చూసేసింది. అయినా తెల్లారేసరికి, పోతే పోనీ, వెళ్లాలి అనుకుంది.

ఎందుకంటే ఆమెకు ఒక గుమ్మం గుర్తుంది. తల్లికి బాగాలేదని పుట్టింటి నుంచి కబురొచ్చిన రోజున బాన అలిగి ఉంది. అత్తగారు వెళ్లొద్దనలేదు. "నీ ఇష్టం" అంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆపరు. ఆ పని బాన చూసుకుంటుంది. బాన లేచేదాకా ఉండి, అప్పుడు బయలుదేరి వెళ్లేసరికి, తల్లి మంచం ఎత్తి గోడకు నిలబెట్టి ఉంది. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని అక్కడివాళ్లు చెప్పారు. భర్త పోయిన పొద్దునా అంతే. అత్తగారు కొడుకు పక్కనుంచి లేచి వెళ్లి, బానకు గంజి పోసి వచ్చి, అప్పుడు ఏడ్చింది. కోడలు ఆ సంగతి క్షమించలేదు. కాని ఆ సాయంత్రం గంజి పోసింది మాత్రం కోడలే.

దారంతా అబద్ధం కోసం వెతుక్కుంది. అబద్ధమంటే ఆమెకు భయం. వంతెన బీటలిచ్చిందని ఒకసారి చెబితే ఆ ఏటి వానలకే అది కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు, అయినా అప్పటి నుంచి మంచి అబద్ధాలే చెబుతోంది. ఒకసారి పోస్టుమాన్‌కు లాటరీ తగిలిందంది. పాపం ఎన్నడూ చూడని చుట్టాలంతా అతని ఇంటికి దిగారు.

దర్జీ కొట్లో మిషను టకటకలాడుతోంది. ఫ్యాక్టరీ పనివాళ్ల నీలం చొక్కాలు కుట్టేది ఆయనే. కళ్లజోడు మీంచి చూశాడు.

"ఏం కోడలమ్మా, మూట చిన్నదైంది, మొహం పెద్దదైంది. బాన అలిగిందా?"

ఆమె తలూపింది.

"అయితే ఇవాళ అబద్ధం నాకేనన్నమాట. ముందే చెబుతున్నా, మళ్లీ రెండో పెళ్లి మాత్రం చెయ్యకు. కిందటిసారి నువ్వు చేసిన పెళ్లికి మా ఆవిడ నాకు కంచం బయట పెట్టింది."

వీధి చివర కొత్త సినిమాహాలు కడుతున్నారట అని చెప్పడానికి నోరు తెరిచింది. వచ్చిన మాట వేరు.

"బాన అలగలేదన్నయ్యా. నేనే పస్తు పెట్టి చంపుతున్నా."

మిషను ఆగింది. దర్జీ బల్ల మీద చేత్తో కొడుతూ, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇన్నేళ్లకు చెప్పావమ్మా అబద్ధమంటే. చీమ కాలికింద పడితే ఆగి క్షమాపణ చెప్పే మనిషివి!"

"నిజమే అన్నయ్యా. తవుడు గంజి కాలువలో పారబోస్తున్నా. ఒట్టి వేడినీళ్లు పోస్తున్నా."

"అబ్బ, ఆ కాలువ ముక్క ఉంది చూశావూ, అదే అసలు. అలాంటిదొకటి ఉంటేనే జనం నమ్ముతారు." ఎదురుగా గుండీలు అమ్మే ఆవిడను కేకేశాడు. "ఓ అక్కా, ఇది విన్నావా?"

తిడతాడనుకుంది. ఛీ అంటాడనుకుంది. ఆ రెండింటిలో ఏదైనా దక్కితే కొంచెం బరువు దిగేది. నిజం చెప్పడానికి కూడా నోటికి ముందునుంచీ పరపతి ఉండాలి కాబోలు. దర్జీ బట్టలు దించి, అతనిచ్చిన వెలిసిన చొక్కాలు మూటలో కలుపుకుని బయటపడింది. వెనకనుంచి గుండీలావిడ నవ్వు వినిపిస్తూనే ఉంది.

ఇంటికి వెళ్లడానికి కాళ్లు రాక బస్టాండు వైపు తిరిగింది. రేవుకు వెళ్లే బస్సు అప్పుడే కడుగుతున్నారు. చుట్టూ తిరిగి టైర్లు చూసింది. ఒకటి నున్నగా అరిగి ఉంది.

"ఈ టైరుతోనే వెళ్తుందా బాబూ?"

"మీరెక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"నేనెక్కడికీ కాదు. మా అమ్మాయి... తనూ వెళ్లడం లేదులే."

అతను ఆమెను పైనుంచి కిందికి చూసి, బకెట్లో నీళ్లు టైరు మీద కొట్టాడు. వెళ్లని పిల్ల ఎక్కని బస్సుకు అరిగిన టైరు ఉంటే తనకెందుకో ఆమెకే తెలియలేదు. అయినా ఆ టైరును తలుచుకుంటూనే, మరికొన్ని గడపల్లో బట్టలిచ్చి, ఎండ వాలుతుండగా ఇల్లు చేరింది.

గుమ్మంలో సంచి ఉంది. పిల్ల తల దువ్వుకుని నిలబడి ఉంది.

"అమ్మా, బాన లేచింది."

కోడలు మూట దించడం మరిచి అలాగే నిలబడింది.

"నువ్వు వెళ్లాక పొద్దెక్కి రేడియో అత్త వచ్చిందమ్మా." గోడవతలి ఆవిడను వీధంతా వెనకాల రేడియో అంటారు, ముందు మాత్రం వదినా అంటారు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. "నాన్నమ్మ చెవిలో ఏదో చెప్పి ఒకటే నవ్వు. వెళ్తూ వెళ్తూ మా కోళ్లు ఈ మధ్య మీ కాలువ వదలడం లేదు పిన్నీ, బాగా బలిశాయి అంది. ఆమె వెళ్లగానే నాన్నమ్మ నన్ను సబ్బుకు కొట్టుకు పంపింది. వచ్చి చూస్తే చేతిలో గుడ్డ. తడిగా ఉంది. ఎంత నీలమనుకున్నావు! గోడ పట్టుకుని తనే పాకలోకి వెళ్లిందట."

"నువ్వు మూత తీసి చూశావా?"

"తియ్యొద్దంది. ఇప్పుడే కళ్లు తెరిచింది, గాలి తగిలితే మళ్లీ పడుకుంటుందంది."

గదిలో అత్తగారు పిడికిలి దుప్పటి కింద పెట్టుకుని పడుకుని ఉంది. కోడలి వైపు చూడలేదు. మనవరాలి నీలం చేతిని తీసుకుని తన బుగ్గకు ఆనించుకుంది.

"పైకెక్కాక కిందికి చూడకు," అంది.

"కిందికి చూడకపోతే పెట్టె ఎలా ఎత్తను నాన్నమ్మా?"

ముసలామె ఆ చేతిని వదిలింది. "అయితే చూడు."

కోడలు వీధి మలుపు దాకా వెళ్లింది. తాడు కట్టుకోకుండా కూర్చోకు, గాలి వేస్తే దిగిపో, బస్సులో వెనక సీటు వద్దు, ఎడమ పక్క టైరు బాగాలేదు, ఆ పక్కన కూర్చోకు అంది. పిల్ల అన్నిటికీ సరేనంది. ఉన్నట్టుండి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, "బానకు పొద్దున్నే పెట్టమ్మా, పాపం నీరసంగా ఉంటుంది," అంది. మలుపు తిరిగాక సంచి పట్టీ మాత్రం కాసేపు కనిపించింది. తర్వాత అదీ లేదు.

ఇంటికి వచ్చి అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుంది. దుప్పటి సర్దబోతే అరికాళ్లు కనిపించాయి. పాకలోని మట్టి, సున్నం వాటికి అంటుకుని ఉన్నాయి. నిజంగానే నడిచి వెళ్లింది.

"అబద్ధం ఇంటికొచ్చింది," అంది అత్తగారు. గొంతు బాగా సన్నగిల్లింది.

"అది అబద్ధం కాదత్తయ్యా."

"తెలుసు. అందుకే బాన లేవలేదు."

కోడలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఎప్పుడు తెలిసిందని అడగకుండానే ముసలామె చెప్పింది.

"మొదటి గుడ్డకే తెలిసింది. అలక వాసన వేరు, ఆకలి వాసన వేరు. నువ్వే ఆపుతావులే అని చూశాను. రోజూ చూశాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "మీ అమ్మ దగ్గరికి ఆ రోజు నిన్ను లాగి పంపాల్సింది. నీ ఇష్టం అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో."

"మీరు బాన మీద అబద్ధం ఆడారు."

"ఆడాను." ఆమె పెదాల చివర ఏదో కదిలింది. "నీ దగ్గర నేర్చుకున్నా. ఏం జరిగినా పిల్లను వెనక్కి పిలవకు. ఇక వెళ్లి దానికి తిండి పెట్టు. చంపేదైతే ఒక్కసారి చంపాలి, పస్తు పెట్టకూడదు."

కోడలు లేచి తవుడు ఉడికించింది. ఈసారి తలుపు వైపు చూడలేదు. సున్నపు తేట కలిపింది, కొంచెం బెల్లపు మడ్డి కూడా వేసింది. నీరసించినదానికి తీపి మంచిదని అత్తగారే నేర్పింది. బాన అంచున కూర్చుని గంజి వంచింది. తిను తల్లీ అంటే ఏడుపొచ్చింది. తెడ్డుతో నెమ్మదిగా, చాలాసేపు తిప్పింది. నీళ్లు బూడిదగానే ఉన్నాయి. లేస్తుందో లేవదో రేపటికి గాని తెలియదు, రేపటికీ తెలియకపోవచ్చు. గోడ మీంచి పొరుగింటి కోడి ఒకటి కాలువ వైపు తొంగిచూసి, ఏమీ లేక తిరిగి వెళ్లింది.

చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి అత్తగారు పక్కకు తిరిగి పడుకుని ఉంది. నిద్రపట్టినట్టుందని కోడలు అడుగు చప్పుడు కాకుండా నడిచింది. చలిగాలి వస్తోందని కిటికీ మూసింది. దుప్పటి భుజాల మీదికి లాగింది. బతుకంతా ప్రతి దగ్గులో, ప్రతి ఫోనులో చావును చూసిన మనిషికి, అది వచ్చి పక్కనే పడుకుని ఉంటే ఆనవాలు తెలియలేదు. చెయ్యి ఆనినప్పుడు తెలిసింది.

కూర్చుండిపోయింది. అమ్మ పోయినప్పుడు బాన దగ్గరే ఉంది. ఇప్పుడూ బాన దగ్గరే ఉంది.

వంటింటి గూట్లో ఫోను మోగింది. ఈసారి గోడ పట్టుకోలేదు. నేరుగా వెళ్లి ఎత్తింది.

"అమ్మా, బస్సు ఊరు దాటింది. కుడి పక్కనే కూర్చున్నాలే." వెనక గాలి హోరు. "నాన్నమ్మ ఏం చేస్తోంది?"

ఇప్పుడొక్క మాట చెబితే పిల్ల ముందు వచ్చే స్టాపులో దిగిపోతుంది. సంచి పట్టుకుని చీకటిపడేలోగా గుమ్మంలో ఉంటుంది. చివరి చూపు దక్కుతుంది. ఆ తర్వాత ఆ గుమ్మం దాటదు. చెప్పకపోతే, ఏదో ఒక రోజు ఆ పిల్ల తనను ఎందుకు చెప్పలేదని అడుగుతుంది.

"పడుకుందే," అంది.

"బాన?"

కోడలు గది వైపు చూసింది.

"పువ్వు పూసింది. గుత్తిగా. నువ్వు చూడాల్సింది."

పిల్ల నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తెగి, ఫోను మూగబోయింది. కోడలు దాన్ని గూట్లో పెట్టి వచ్చి, దీపం వేసి, అత్తగారి పిడికిలి ఒక్కొక్క వేలే విడదీసింది. లోపల గుడ్డముక్క ఉంది. బాన వాసన పట్టడానికి కాబోలు, ఇవాళే తడిపినది, కాని గుడ్డ పాతది, మడతల దగ్గర చిరుగులు పట్టింది. విప్పి దీపం ముందు పట్టుకుంది. చిక్కటి నీలం, ఎక్కడా వెలవలేదు. ఒక మూల మాత్రం, ముడి ఉండిపోయిన చోట, రంగు అంటని తెల్లటి చుక్క.